మూడో అరుగు మీది నాలుగు గుంటలు

మొన్న చౌటుప్పల్ దగ్గర హైవే మీద కొత్తగా పెట్టిన హోటల్లో చాయ్ తాగుదామని ఆగితే, లోపల గోడంతా నేను పదేళ్ళ కిందట తీసిన ఫొటోయే పరుచుకుని ఉంది. కింద నా పేరు లేదు. అందుకు కోపం రాలేదు, నా పేరుకు అంత పేరు లేదని నాకు తెలుసు. దాని ముందు సెల్ఫీ దిగుతున్న ఒక అమ్మాయి మర్యాదగానే, "అంకుల్, జర పక్కకు జరుగుండ్రి, ఫొటోకు అడ్డమొస్తున్నరు" అంది. ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అది ఒకప్పుడు నేనన్న మాటే.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఏ ఊళ్ళో విన్నా రోడ్డు వెడల్పు ముచ్చటే, మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా వీధి గోడల మీదా ఎర్ర నంబర్లు పడ్డాయి. పోయే ఇళ్ళనూ, వాటితో పోయే దుకాణాలనూ పరిహారం లెక్క కోసం ఫొటోలు తీసే పని ఆఫీసువాళ్ళు నాకు అప్పగించారు. అప్పటికి స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసీ తీసీ ముఖాలంటేనే ముఖం మొత్తి, కిటికీ చువ్వలు, బోర్లించిన బిందెల వరుసలు, మెట్ల నీడలు తీసుకుంటూ, వాటిలో ఏదో లయ ఉందని నన్ను నేనే కళాకారుల్లో జమ కట్టుకుంటున్న రోజులవి. ఎదురు డాబా ఎక్కి చూస్తే మా వీధి అచ్చం డప్పు దరువులా ఉంది: మూడు మెట్లు, అరుగు, తలుపు, మళ్ళీ మూడు మెట్లు, అరుగు, తలుపు. ఆ దరువు మూడో ఇంటి దగ్గర తప్పింది. అక్కడ అరుగు మీద మా చిన్నమ్మ కుట్టుమిషను ఉంది.

చిన్నాయన పోయాక ఇద్దరు బిడ్డలను ఆ మిషను మీదే చదివించిన మనిషి ఆమె. ఫొటోకు అడ్డమొస్తోంది, ఐదు నిమిషాలు దాన్ని లోపల పెట్టమని, ఫొటో మంచిగా వస్తుందని నేను పైనుంచి అరిచాను. "ఇల్లే పోతాంది, ఫొటో మంచిగొస్తే ఏంది కొడకా" అని నవ్వింది. అయినా అక్క కొడుకు అడిగాడు కదా అని ఆ ఇనుప బరువును ఒక్కతే ఈడ్చుకుంటూ లోపలికి తీసుకుపోయింది.

తర్వాత చిన్నమ్మ దుకాణం పరిహారం కోసం పోతే ఆఫీసు గుమాస్తా నా ఫొటోనే ముందు పెట్టి, దుకాణం ఏదమ్మా అని అడిగాడట. సాక్ష్యం చెబుదామని నేను పరుగెత్తితే, "తీసింది నువ్వే గదా" అన్నాడు. అదే ఫొటోకు ఒక ప్రదర్శనలో నాకు శాలువా కప్పారు. లయ అమోఘమని ఎవరో పెద్దమనిషి మెచ్చుకుంటే, సిగ్గులేని నేను దండం కూడా పెట్టాను. అక్కడి నుంచే అది ఈ హోటలు గోడకెక్కి ఉంటుంది. చిన్నమ్మ మాత్రం ఒక్కసారే అంది.

"నా మిషిన్ నీ ఫొటోకు అడ్డమొచ్చింది. నీ ఫొటో నా బతుక్కు అడ్డమొచ్చింది."

మిషను పెట్టుకునేందుకు షట్టరు కిరాయి కట్టలేక ఆమె మందుల కంపెనీలో సీసాలకు మూతలు బిగించే పనికి పోయింది. పింఛను ఫొటో కూడా పక్క స్టూడియోలోనే దిగింది.

మా బాపు డప్పు కొట్టేవాడు. ఒక్క తీరుగా కొడితే అది దండోరా అవుతుందనీ, నడుమ ఒక దెబ్బ తప్పిస్తేనే ఆట అవుతుందనీ చెప్పేవాడు. ఆయన కొడుకుగా పుట్టి నేను చేసింది దండోరా.

హోటల్లో ఆ అమ్మాయి అడిగినా నేను జరగలేదు, ఇంకా దగ్గరికి పోయాను. గోడంత పెద్దదైన ఫొటోలో మూడో అరుగు షాబాదు బండ మీద నాలుగు గుంటలు, మిషను కాళ్ళు ఏళ్ళ తరబడి అరగదీసినవి, పక్కనే నూనె మరక. ఇన్నాళ్ళూ అవి నా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆ మూలను కాస్త పెద్దది చేసి గుమాస్తా బల్ల మీద కొట్టి ఉంటే సరిపోయేది. వాడు చూడలేదు, శాలువా కప్పినవాళ్ళు చూడలేదు. చూడడమే వృత్తిగా బతికిన నేనూ చూడలేదు.

ఆ బండ ఇప్పుడు రోడ్డు కింద ఎక్కడో ఉంది. వీధి నిండా ఒకే కొలత షట్టర్లు, ఒక్క స్టూలు కూడా గీత దాటి బయటికి రాదు. కెమెరా పట్టుకుని డాబా ఎక్కితే పక్కకు జరగమని ఎవరినీ అడిగే పని లేదు.