వాల్తేరు కుదుపు

నా చిన్నప్పుడు, 1956లో, నాకు ఎనిమిదేళ్ళు. మా తాతయ్య వాల్తేరు స్టేషన్లో ఇంజన్లకు పెట్టెలు తగిలించే కళాసీ. అనకాపల్లి నుంచి విజయనగరం పెళ్ళికి వెళ్తూ ఆయన నన్ను వెంట తీసుకెళ్ళాడు. విశాఖపట్నం స్టేషనుకు అప్పట్లో వాల్తేరనే పేరు. ఏ వైపు నుంచి వచ్చిన బండి ఆ వైపే తిరిగి బయటకు పోవాలి కాబట్టి ముందున్న ఇంజను విడిపోయి, వెనక్కి వచ్చి, రెండో చివర తగలాలి. ఆ పనికి ఇరవై నిమిషాలు పట్టేది.

మా బండి అక్కడ ఆగినప్పుడు తాతయ్య నాకు ఒక సూత్రం చెప్పాడు. "ఇంజను తగిలితే పెట్టె ఒక్క కుదుపు కుదుపుతాది గుంటా. ఆ కుదుపు రానంత సేపూ బండి కదల్దు. నీళ్ళు తాగు, పకోడీ తిను, భయం నేదు."

నేను దిగి కొళాయి దగ్గర నీళ్ళు తాగాను. తిరిగి వస్తూ తాతయ్య తలపాగా లాంటి ఎర్ర తలపాగా చూసి ఎవరి వెనకో నడిచాను. ఆ మనిషి ముఖం తిప్పితే తాతయ్య కాదు. నేను ఈ చివరికి పరుగెత్తాను. తాతయ్య నాకోసం ఆ చివరికి పరుగెత్తాడు. మేమిద్దరం తిరుగుతూనే ఉన్నాం. కుదుపూ వచ్చింది, బండీ పోయింది, అందులో మా ట్రంకు పెట్టె కూడా పోయింది.

దొరికాక ఆయన నన్ను కొట్టలేదు. కొళాయి దగ్గరకు తీసుకెళ్ళి నిలబెట్టాడు. "నువ్వూ తిరిగి, నానూ తిరిగితే ఎలాగ కలుత్తామే? ఒకలు నిలబడాల. దిగినోలే నిలబడాల, దిగిన కాడే నిలబడాల," అన్నాడు. నన్ను మూడు వందలు లెక్కపెట్టమని చెప్పి కనబడకుండా పోయాడు. ఏడుస్తూనే లెక్కపెట్టాను. రెండు వందల ఎనభై ఏడు దగ్గర స్తంభం వెనక నుంచి నవ్వుతూ వచ్చాడు.

ఈ కథను నేను మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో ఒక్క ఆ లెక్కే నా దగ్గర లేదు. స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసిన మావారు నేను మొదలుపెట్టగానే "ఇదిగో, వాల్తేరు బండి వచ్చింది" అని ఎగతాళి చేసేవారు.

2004 ఏప్రిల్‌లో జర్మనీలో చదువుకుంటున్న మా అమ్మాయిని చూడడానికి ఇద్దరం ఇరవై ఎనిమిది రోజులకు వెళ్ళాం. ఈస్టరుకు దాని కాలేజీకి నాలుగు రోజులు సెలవు. మమ్మల్ని మ్యూనిక్ తీసుకెళ్తానంది. తొమ్మిదో తేదీ, గుడ్ ఫ్రైడే నాడు, పొద్దున్నే బయలుదేరాం. పది గంటల ఏడు నిమిషాలకు బండి స్టుట్‌గార్ట్‌లో ఆగింది. కిటికీలోంచి చూద్దును కదా, పట్టాలు ఎదురుగా గోడ దగ్గర ఆగిపోయాయి. బండి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. అచ్చం మా విశాఖపట్నమే! పరాయి దేశంలో తెలిసిన మనిషి కనబడినంత సంతోషమేసింది.

అమ్మాయి పక్క పెట్టెలోకి కాఫీ తేవడానికి వెళ్ళింది. మావారు సుగరు మాత్ర వేసుకుని, సీసాలో నీళ్ళు అయిపోయాయని లేచారు. ఇంకా ఏమీ తినలేదు. ఇడ్లీల డబ్బా నా ఒళ్ళోనే ఉంది.

"ఎంతసేపు ఆగుతాదే?"

"ఇరవై నిమిషాలకు తక్కువ కాదు. ఇంజను అటు తగలాలి కదా. కుదుపు వచ్చాక ఎక్కినా చాలు, వెళ్ళి రండి."

ఆయనను పంపింది నేనే. ఈ ముక్క ఎన్నడూ దాచలేదు. లోపల వెచ్చగా ఉందని విప్పిన కోటు కొక్కేనికి వేలాడుతోంది. పాస్‌పోర్టు, టిక్కెట్టు, డబ్బు అన్నీ అందులోనే. ఒంటిమీద పల్చని చొక్కా, తలకు మంకీ క్యాపు, చేతిలో ఖాళీ సీసా. అలా దిగారు.

నాలుగు నిమిషాలు గడిచాయి. బయట స్తంభం ఒకటి మెల్లగా పక్కకు జరిగింది. పక్క పట్టాల మీది బండి కదిలిందేమో, నాకు అలా తోస్తోందనుకున్నాను. కుదుపు లేదు, చప్పుడు లేదు. రెండో స్తంభం జరిగింది. తర్వాత మంకీ క్యాపు కనబడింది. ఆయన మాకు వీపు పెట్టి, కొళాయి కోసం ప్లాట్‌ఫారమంతా వెతుకుతున్నారు. బండి కదిలిందని ఆయనకు తెలియదు. నేను అద్దాన్ని అరచేతులతో బాదాను. ఆయన తిరగనే లేదు.

అమ్మాయి మూడు కాఫీలతో వచ్చింది. "నాన్నేరమ్మా?"

ఖాళీ సీటు వైపు, కోటు వైపు చూపించాను. నేను చెప్పిన సూత్రం విని అది నెత్తి కొట్టుకుంది. "ఏటమ్మా నువ్వు! ఇక్కడ ఇంజను మార్చరు. రెండు చివర్లా డ్రైవరు గది ఉంటాది. డ్రైవరు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచెళ్తాడు, అంతే!"

నలభై ఎనిమిదేళ్ళు నిజమని నమ్మిన మాట నాలుగు నిమిషాల్లో అబద్ధమైపోయింది. దానికంటే నన్ను వణికించింది ఆయన మాత్ర. తిండి పడకపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. ఆయన దగ్గర ఫోను లేదు, భాష రాదు. అమ్మాయి టిక్కెట్లు చూసే ఆయనను బతిమాలి స్టేషనుకు ఫోన్ చేయించింది. అయినా దాని భయం దానిది. "నాన్న ఓ చోట నిలబడే మనిషేనా? బస్సుకు అయిదు నిమిషాలు ఆగలేక రెండు స్టాపులు నడిచేస్తారు. ఏదో బండి ఎక్కేసుంటారు."

నేనూ అదే అనుకున్నాను. మా బండి మళ్ళీ ఆగడానికి యాభై అయిదు నిమిషాలు పట్టింది. దిగి, ఎదురు బండి పట్టుకుని, పన్నెండూ ఇరవై అయిదుకు స్టుట్‌గార్ట్ చేరాం. ఆయనను వదిలేసి నూట ముప్పై నాలుగు నిమిషాలు. ఆ ఇడ్లీల డబ్బా మూత నేను ఒక్కసారి కూడా తెరవలేదు.

ఆ ప్లాట్‌ఫారం మీదికి పరుగున వెళ్ళాం. ఆయన దిగిన పెట్టె ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ, స్తంభాన్ని ఆనుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, మంకీ క్యాపు ఇంకా తలమీదే, మావారు నిలబడి ఉన్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి. సీసా ఖాళీగానే ఉంది.

"మీ తాత కుదుపు రానే నేదే!" అన్నారు.

అమ్మాయి ఆయనకు కోటు తొడుగుతూ ఏడ్చేసింది. నీళ్ళకోసమైనా కదలలేదా అని అడిగాను. "కదిల్తే ఎలాగ కలుత్తాం? దిగినోలే నిలబడాల. ముప్పై ఏళ్ళు ఇన్నాను కదే ఆ సోది!" అన్నారు. కళ్ళు తిరుగుతుంటే స్తంభం పట్టుకున్నారట. ఎవరో పెద్దావిడ చూసి, తన సంచిలోంచి ఈస్టరు పండగకు కొన్న గుడ్డు ఆకారపు చాక్లెట్లు మూడు ఇచ్చిందట. రెండు తిన్నారు. మూడోది తగరపు కాగితంతో సహా నా చేతిలో పెట్టారు. అది ఆయన చొక్కా జేబులో మెత్తబడి ఉంది. అప్పుడు, అక్కడే, ఇడ్లీల డబ్బా మూత తీసి ఆయన చేతికిచ్చాను.

మావారు పోయి ఆరేళ్ళయింది. ఈ రోజుకీ నేను ఏ స్టేషన్లోనైనా, విశాఖపట్నంలో సైతం, బండి ఎంతసేపు ఆగుతుందో ఇద్దరిని అడిగాక గాని ఎవరినీ దిగనివ్వను. ఆ ప్రయాణంలో ఖర్చులు రాసుకున్న నోటుపుస్తకంలో తాతయ్య మాటలు రెండూ రాసి పెట్టుకున్నాను. కుదుపు మాట పక్కన "వాల్తేరుకు మాత్రమే" అని ఉంటుంది. రెండో మాట పక్కన ఏ ఊరి పేరూ రాయలేదు.