నేలమీది గడియారం తప్పిన రోజు

ఆ ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి టీచరమ్మకు పిల్లలు ఎక్కాల టీచర్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. పడ్డా కోపం తెచ్చుకోలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది కూడా. ఆవిడ తరగతిలోంచి ఎక్కాలు రైలు వెళ్తున్నంత లయగా వినబడేవి. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పే పిల్లలే ఆవిడ చేతిలోంచి పై తరగతికి వెళ్లేవారు. తన చిన్నప్పుడు తనకూ అలాగే నేర్పారు. మరో దారి ఉంటుందన్న ఆలోచనే ఆవిడకు ఏనాడూ రాలేదు.

కొత్తగా వచ్చిన పెద్ద మేడం మొదటి సమావేశంలోనే ఆ దారి కాస్తా మళ్లించేశారు. ఇకమీదట ఒక్కో తరగతి పిల్లలు తమకు తోచిన ప్రశ్న ఒకటి ఎంచుకోవాలట. లెక్కలు, భాష, సైన్సు, బొమ్మలు అన్నీ దాని చుట్టూనే తిరగాలట. జవాబు మాత్రం టీచర్ చెప్పకూడదట.

ఎక్కాల టీచర్‌కు ఒళ్లు మండింది. "జవాబు చెప్పకపోతే ఇక నేనెందుకండీ అక్కడ?" అని అడిగేసింది.

"మీరూ వాళ్లతో పాటు వెతకండి," అన్నారు పెద్ద మేడం, తాపీగా.

మూడో తరగతి గదిలో కిటికీ పైన చిన్న అద్దం ఎప్పుడో పగిలితే అక్కడ అట్టముక్క బిగించారు. ఆ అట్టకున్న చిల్లులోంచి ఎండ లోపలికి దూరి, నేలమీద గుండ్రటి మచ్చలా పడేది. కుదురుగా కూర్చోదని అందరూ బొంగరం అని పిలిచే పిల్ల ఒకతి ఆ మచ్చ కోసమే రోజంతా బెంచీలు మారేది. ప్రశ్న అడగండర్రా అనగానే అదే లేచింది.

"టీచర్, ఈ మచ్చ పొద్దున నా కాళ్ల దగ్గరుంది. ఇప్పుడు తలుపు దగ్గరికెళ్లిపోయింది. అది ఎక్కడికి పోతోంది?"

పీడా వదిలిపోతుందని, అదే మన ప్రశ్న అనేసింది టీచర్. వదల్లేదు. గంట కొట్టినప్పుడల్లా పిల్లలు మచ్చ చుట్టూ సుద్దముక్కతో గీత గీయడం మొదలుపెట్టారు. టీచర్ భర్తది దర్జీ దుకాణం. అక్కణ్ణుంచి కొలతల టేపు తెప్పించి మచ్చకూ మచ్చకూ మధ్య దూరం కొలిచారు, కూడారు, తీసేశారు, కొలిచిందంతా వాక్యాలుగా రాశారు. తుడిచినప్పుడల్లా సుద్ద చెరిగిపోతోందని ఆయాతో పేచీ పడి, చివరికి ఎర్ర రంగుతో సున్నాలు చుట్టారు. గంట కొట్టే మనిషి కంటే ముందే మూడో తరగతి వాళ్లు "భోజనాల గంట" అని అరిచేవారు. పక్క తరగతుల వాళ్లు గుమ్మంలో మూగేవారు. టీచర్ పైకి విసుక్కున్నా, స్టాఫ్ రూములో ఆ మాటే పదేపదే ఎత్తేది.

తర్వాత చాలా రోజులు మబ్బు పట్టి ఎండ మొహమే కనబడలేదు. మబ్బు విడిచిన వారంలోనే పెద్ద మేడం తల్లిదండ్రుల్నీ, విద్యాధికారినీ ఈ నేలమీది గడియారం చూడ్డానికి పిలిచారు. గది కిక్కిరిసిపోయింది. మధ్యాహ్నం గంట మోగింది. అందరి కళ్లూ ఆ గంటకు చుట్టిన ఎర్ర సున్నా మీదే ఉన్నాయి.

మచ్చ అందులో పడలేదు. జానెడు దూరంలో, గది లోపలి వైపు పడింది.

ఎవరో తండ్రి దగ్గాడు. అధికారి చేతి గడియారం చూసుకున్నాడు. టీచర్ గబగబా స్టూలు లాక్కుంది. స్టూలెక్కి అట్టను తడిమి చూసింది. మేకులు కదల్లేదు. గంట సరైన వేళకే కొట్టారు. ఏదో ఒకటి చెప్పి సర్దేద్దామని నోరు తెరవబోయింది. అప్పటికే బొంగరం నేలమీద మోకాళ్లేసింది.

"గంట తప్పు కాదు. అట్ట తప్పు కాదు. మరి ఎండే వేరే దారిలో వచ్చిందా టీచర్?"

"నాకు తెలీదే," అంది టీచర్.

అన్ని మొహాలూ ఆవిడ వైపు తిరిగాయి. సిగ్గుతో చచ్చిపోవాల్సిన మాట. కానీ ఆవిడకు ఒళ్లంతా ఏదో హుషారు పాకింది. మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "నాకు నిజంగా తెలీదు. టేపు పట్రండి. నీలం రంగు తెండి. సార్, కాస్త పక్కకు జరగండి, మీ నీడ పడుతోంది."

అధికారి జరిగాడు. తల్లులు చెంగులు దోపుకొని టేపు కొస పట్టుకున్నారు. వచ్చే వారం మచ్చ ఎటు వెళ్తుందన్న దానిమీద గది రెండు వర్గాలైంది. మళ్లీ సున్నాలోకే వస్తుందన్నాడు అధికారి. ఇంకా లోపలికే పోతుందంది బొంగరం.

ఆ సాయంత్రం దుకాణంలో టీచర్ కాలు ఒకచోట నిలవలేదు. భర్త చేతికి టార్చి ఇచ్చి, దారపు ఉండ తను పట్టుకొని, వంచుతూ తిప్పుతూ చూసింది. భూమి ఒక పక్కకు ఒరిగి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న వాక్యాన్ని ఆవిడ ఏళ్ల తరబడి వల్లె వేయించింది. అది ఇవాళ తన గది నేలమీద జానెడు దూరమై కనబడింది.

"ఇంకా ఎంతసేపే? చేతులు పీకుతున్నాయి," అన్నాడు భర్త.

"ఉండండి బాబూ, కదపకండి. ఇన్నాళ్లూ ఈ పాఠం చెప్తూనే ఉన్నాను. నాకే ఇప్పుడు అర్థమైంది."

జవాబు నోటి దాకా వచ్చినా పిల్లలకు చెప్పకుండా ఆపుకోవడానికి మర్నాడు ఆవిడ తల ప్రాణం తోకకొచ్చింది. టార్చి, ఉండ బల్లమీద పెట్టి ఊరుకుంది. తర్వాతి వారం అధికారి ఎవరూ పిలవకుండానే వచ్చాడు. మచ్చ ఇంకా లోపలికి పోయింది. బొంగరం గంతులేస్తే, ఆయన నవ్వుతూ ఓటమి ఒప్పుకున్నాడు. నీలం తర్వాత పచ్చ, పచ్చ తర్వాత పసుపు. సున్నాలతో గది సగం నిండేసరికి ఉండను ఒరగ్గా పట్టుకొని టార్చి చుట్టూ తిప్పింది ఒక పిల్ల. "ఇదే, ఇదే," అంటూ మిగతావాళ్లు మీద పడ్డారు. ఎక్కాలు ఆగలేదు. వారానికింత జరిగితే నెలకెంతో లెక్క తేలాలంటే అవే కావాల్సి వచ్చాయి.

ఏడాది చివర్లో అధికారి ఆవిణ్ణి వేరే బడుల టీచర్ల ముందు మాట్లాడమన్నాడు. తెలీదని పిల్లల ముందు ఒప్పుకుంటే చులకనైపోమా అని ఓ కుర్ర టీచరమ్మ అడిగింది.

"నేనూ అదే భయపడ్డానమ్మా. ఆ మాటన్న రోజు నుంచి వాళ్లు నన్ను వేళకు ఇంటికి పోనివ్వడం లేదు."

బడి మళ్లీ తెరిచాక మూడో తరగతిలోకి కొత్త పిల్లలొచ్చారు. గొట్టం దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఒకతి, బిందె నిండే కొద్దీ చప్పుడెందుకు సన్నబడుతోందని అడిగింది. ఎక్కాల టీచర్ కొంగు బిగించి గొట్టం దగ్గరికి పరుగులాంటి నడకతో బయల్దేరింది.