కోదాడలో మా వదిన ఆడని ఆట

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అసలే లేదు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. వెనక గదిలో ఏదో కనబడిందని పిల్లలెవరైనా ఏడిస్తే, చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్లి, లైటు వేసి, మూలమూలా చూపించి తీసుకొస్తాను. అలాంటి నేను ఈ మాటలు రాయాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. చూసింది చూసినట్టు రాస్తాను. నమ్మమని ఎవరినీ అడగను.

ముందు మా ఇంటి పిచ్చి గురించి చెప్పాలి. మా ఇంట్లో టీవీ కన్నా కంప్యూటర్‌కే గౌరవం ఎక్కువ. మా ఆయన రమేశ్‌కు ట్రాక్టరు విడిభాగాల దుకాణం ఉంది. పగలంతా గిరాకీలతో గొంతు పోగొట్టుకుని వచ్చిన మనిషి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే కాలేజీ కుర్రాడైపోతాడు. డిగ్రీ చదివే మా అమ్మాయి నిత్య మా ఇద్దరికీ గురువు. నేను అందరికన్నా ఆలస్యంగా చేరాను గానీ, చేరాక మళ్లీ లేవలేదు.

మేము ఆడేది నలుగురు ఒక జట్టుగా దీవిలో దిగి, ఎదుటి జట్టును కాల్చి, చివరిదాకా బతికి ఉండాల్సిన ఆట. ఇందులోని కష్టాలు ఆడేవాళ్లకే తెలుస్తాయి. వంట ముగించి, గిన్నెలు సర్దుకుని, తీరిగ్గా కూర్చున్న రోజునే అప్‌డేట్ వస్తుంది. అది సగం దిగేసరికి కరెంటు పోతుంది. శత్రువు సరిగ్గా ఎదురుగా నిలబడినప్పుడే నెట్ ఆగిపోతుంది. అది తిరిగొచ్చేలోపు మన బొమ్మ నేల మీద బోర్లా పడి ఉంటుంది. నెట్ అతనికి ఫోన్ చేస్తే "ఒకసారి బంద్ చేసి ఆన్ చేయండి మేడమ్" అంటాడు. ఏడాది నుంచీ అతనికి ఆ ఒక్క వైద్యమే వచ్చు.

మా జట్టులో నాలుగో మనిషి మా వదిన అనసూయ, మా ఆయన అక్క. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు ఆఫీసులో పని చేస్తుంది. మూడేళ్ల కిందట ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. నాకు అన్నయ్య వరస. ఆ తర్వాత వదిన మాట్లాడటమే తగ్గించేసింది. ఫోన్ చేస్తే "ఊ" అనేది, లేదంటే "సరే" అనేది. ఒక వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు నిత్య బలవంతంగా ఆమె చేతిలో మౌసు పెట్టింది. మొదట గోడలను కాల్చింది. తర్వాత నన్ను కాల్చింది. సెలవులు అయ్యేసరికి ఎదుటివాళ్లను కాల్చడం మొదలుపెట్టింది. దాంతోపాటే పోయిన గొంతూ తిరిగొచ్చింది.

"అరే రమేశా, యాడ దాసుకున్నవ్ రా? గీడ నన్ను సంపుతుండ్రు, జల్ది ఉరికిరా!" అని ఆమె మిర్యాలగూడలో అరిస్తే సూర్యాపేటలో మా చెవులు దద్దరిల్లేవి.

ఆట ఆమెకు బాగానే వచ్చు. ఓపిక మాత్రం లేదు. శత్రువు నీడ కనబడితే చాలు, చాటున నక్కడం మరచిపోయి కేకలు వేస్తూ మీదికి ఉరుకుతుంది. మాలో మొదట చచ్చేది ఎప్పుడూ ఆమే. చచ్చాక మౌసును, నెట్టును, కళ్లద్దాలను వరసగా తిడుతుంది. ఆ తిట్లు వినడానికే నిత్య అప్పుడప్పుడు ఆమెను కావాలని ముందుకు పంపేది.

ఇలా ఉండగా కోదాడలో కొత్తగా గేమింగ్ సెంటర్ పెట్టిన నవీన్ అనే కుర్రాడు కుటుంబాలకు పోటీ పెట్టాడు. జట్టులో నలుగురూ ఒకే కుటుంబం వాళ్లయి ఉండాలి. మొదటి ఆటలు ఎవరిళ్ల నుంచి వాళ్లు ఆడొచ్చు. ఫైనల్ మాత్రం కోదాడకు వచ్చి, అందరి ముందూ ఆడాలి. ఎలా గెలిచామో మాకే తెలియదు గానీ ఫైనల్ దాకా వచ్చేశాం.

వదిన ఆ సంగతి మిల్లంతా చెప్పుకుంది. ఈ వయసులో తుపాకులేందమ్మా అని నవ్విన వాళ్లకు, కప్పు తెచ్చి మీ టేబుల్ మీదనే పెడత అని జవాబిచ్చింది. ఫైనల్‌కు ముందు నాకు ఫోన్ చేసి, ఉన్నట్టుండి గొంతు తగ్గించి ఒక మాటంది.

"సుజాతా, మీ అన్నయ్య పోయినంక ఒక దినం కోసం గిట్ల ఎదురుసూసుడు నాకు గిదే మొదలు."

ఆ మాట విన్నాక ఓడిపోతామన్న భయం నాకు మొదటిసారి పట్టుకుంది.

ఆదివారం పొద్దున మేం ముగ్గురం సూర్యాపేట నుంచి బస్సులో కోదాడ వచ్చాం. వదిన మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా వచ్చే బస్సెక్కింది. ఎక్కానని చెప్పిన తర్వాత ఆమె ఫోన్ మూగబోయింది. ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్.

సెంటర్ ఒక బట్టల దుకాణం పైన ఉంది. పొడుగాటి హాలు, వరసగా కంప్యూటర్లు, ఒక్కో కుర్చీకీ మధ్య భుజం ఎత్తు చెక్క అడ్డం. మాతో ఆడేది కోదాడ కుటుంబమే. తండ్రి, ఇద్దరు కొడుకులు, తాతగారు. ఆ తాతగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. కుర్చీలో కూడా నిటారుగా, ఈల వేయబోతున్నట్టే కూర్చున్నారు. చూడటానికి వచ్చిన జనమంతా వాళ్ల వైపే.

నవీన్ మా దగ్గరికి వచ్చి ఇబ్బందిగా చేతులు నలుపుకున్నాడు. "మేడమ్, నలుగురూ కూర్చుంటేనే ఆట మొదలెట్టగలనండి. ఇంకొంచెం సేపు చూస్తాను. అప్పటికీ రాకపోతే వాళ్లు గెలిచారని చెప్పెయ్యాలి. నన్నేమీ అనుకోకండి."

మా ఆయన మెట్ల దగ్గరికీ కుర్చీకీ మధ్య తిరుగుతున్నాడు. నేను మళ్లీ ఫోన్ కలుపుతున్నాను. అంతలో నిత్య "అమ్మా, అత్తమ్మ వచ్చింది, కూసో!" అని కేకేసింది.

తిరిగి చూస్తే నాలుగో కుర్చీలో వదిన. అప్పటికే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మౌసు సర్దుకుంటోంది. వంకాయరంగు చీర కట్టుకుంది. నా వైపు చూసి తల ఊపింది. నాకు పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఆమె లోపలికి రావడం నేను చూడలేదు. నిత్య తీసుకొచ్చిందనుకున్నాను. నిత్యేమో వాళ్ల నాన్న తీసుకొచ్చాడనుకుందట. మా ఆయన నేను తీసుకొచ్చాననుకున్నాడట. ఇదంతా మాకు తర్వాతే తెలిసింది.

ఆట మొదలైంది. ఆమె పక్క కుర్చీ నిత్యది, తర్వాత నాది, చివర మా ఆయనది. "ఎందుకు లేటైంది అత్తమ్మా?" అని నిత్య అడిగితే ఆమె నవ్వి ఊరుకుందట. కళ్లద్దాలు పెట్టుకోలేదట. అవి లేకుండా మా వదినకు పేపర్లో హెడ్డింగు కూడా కనబడదు. ఆట హడావిడిలో నిత్య అదేమీ పట్టించుకోలేదు.

కోదాడ వాళ్లు ముందు మా ఆయనను, తర్వాత నిత్యను పడగొట్టారు. నేను ఒక గడ్డివాము వెనక నక్కి ఉన్నాను. వదిన నుంచి చప్పుడు లేదు. అరుపు లేదు, తిట్టు లేదు. అప్పుడు నా హెడ్‌ఫోన్స్‌లో ఆమె గొంతు మెల్లగా వినిపించింది.

"సుజాతా, కుడి దిక్కు రేకుల షెడ్డు మీద ఉన్నడు. నువ్వు కదలకు."

నేను కదిలాను. చచ్చాను. నన్ను కాల్చినవాడు మరుక్షణంలో పడిపోయాడు. ఆ తర్వాత వదిన ఒక్కతే వాళ్లలో మిగిలినవాళ్లను ఒక్కొక్కరినీ పడగొట్టుకుంటూ వచ్చింది. చివరికి తాతగారు మిగిలారు. ఆయన ఒక బావి గట్టు వెనక ఉన్నారు. ఆమె గోడ చాటున కూర్చుని అలా ఎదురుచూస్తూనే ఉంది. తాతగారు విసిగి తల ఎత్తారు. ఒక్క గుండు, ఆట ముగిసింది.

మేం ముగ్గురం లేచి గంతులేశాం. ఆమె నెమ్మదిగా హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, "నీళ్లు తాగొస్త" అని హాలు వెనక్కి నడిచింది. నేను రోజూ వినే గొంతే. అందులో అనుమానించడానికి ఏమీ లేదు.

నవీన్ కప్పు తెచ్చి మా ఆయన చేతిలో పెడుతుండగా మెట్ల మీద నుంచి ఆయాసపడుతున్న గొంతొకటి వచ్చింది.

"ఓ రమేశా! ఆట అయిపోయిందా? జర ఆగుమని చెప్పొద్దారా?"

గుమ్మంలో మా వదిన. బూడిదరంగు చీర, మెడలో తాడుతో వేలాడే కళ్లద్దాలు, చెమటతో తడిసిన ముఖం. వెనక ఆమె సంచి పట్టుకుని మిర్యాలగూడలో వాళ్ల పక్కింటి లక్ష్మమ్మ. కోదాడలో కూతురింటికి వెళ్లడానికి అదే బస్సులో వచ్చిందామె.

మా ఆయన గట్టిగా నవ్వాడు. "సాలు తియ్ అక్కా. గప్పుడే చీర ఎట్ల మార్చినవ్?"

"చీర మార్చుడేంది? నేరేడుచర్ల దాటినంక బస్సు కరాబైంది. ఇంకో బస్సు ఎక్కియ్యమని కండక్టర్‌తో కొట్లాడి కొట్లాడి ఇప్పుడొస్తున్న. ఫోన్‌ల ఆట ఆడుకుంట వస్తే ఛార్జింగ్ ఖతమైంది."

"నిజమేనమ్మా," అంది లక్ష్మమ్మ. "పొద్దుగాల్నుంచి నా పక్కనే ఉన్నది. ఆ కండక్టర్ పాపం, దండం పెట్టిండు ఈమెకు."

మా ఆయన నవ్వు ఆగిపోయింది. నిత్య నా చెయ్యి పట్టుకుంది. నవీన్, నేను హాలు వెనక్కి పరుగెత్తాం. అక్కడ నీళ్ల క్యాను, ఒక బాత్‌రూమ్, పాత మానిటర్లు పెట్టిన చిన్న గది తప్ప ఇంకేమీ లేవు. కిందికి దిగడానికి దారి ముందువైపు మెట్లు ఒక్కటే. బాత్‌రూమ్ తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు.

అంతా విన్నాక వదిన భయపడుతుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం వెనక నుంచి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"గిన్ని దినాల నుంచి ఎదురుసూస్తి. నా ఆట నా మొఖం పెట్టుకొని ఇంకెవలో ఆడిపోతరా? గీ కప్పు నాకొద్దు."

అప్పుడు కోదాడ తాతగారు లేచి వచ్చారు. "అమ్మా, ఇందాక నన్ను కొట్టిందెవరో నాకు తెలీదు. మీరు ఇంత దూరం వచ్చారు కదా, నాతో ఒక ఆట ఆడకుండా వెళ్తే నేనొప్పుకోను. కూర్చోండి."

వదిన కళ్లు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, అదే నాలుగో కుర్చీలో కూర్చుంది. ఆట మొదలవగానే తాతగారి బొమ్మ కనబడింది. "గాడున్నడు ముసలోడు!" అని హాలు అదిరేలా అరిచి, చాటూ మాటూ లేకుండా ఉరికింది. తాతగారు ఒక్క గుండుతో పడగొట్టారు. వదిన మౌసును తిట్టింది, నెట్టును తిట్టింది. జనం పడీపడీ నవ్వారు. చివరికి తనూ నవ్వింది. ఇందాక ఆడింది మా వదిన కాదనడానికి నాకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

వెళ్లబోతుండగా నవీన్ తన ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. తన సెంటర్ ప్రచారం కోసం ఆట మధ్యలో తీశాడట. నేను, నిత్య స్పష్టంగా ఉన్నాం. నాలుగో కుర్చీలోని మనిషి ముఖాన్ని చెక్క అడ్డం కప్పేసింది. వంకాయరంగు చీర అంచు, మౌసు మీద ఒక చెయ్యి మాత్రం కనబడుతున్నాయి. ఆ చేతినిండా ఆకుపచ్చ మట్టిగాజులు ఉన్నాయి.

వదిన ఆ ఫొటోను పెద్దగా చేసి చాలాసేపు చూసింది. "చెయ్యి నాదే," అంది. "గీ బొటనవేలు వంకర మా నాయినది, నాకు తప్ప ఇంకెవలకు రాలే." తర్వాత తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. అన్నయ్య పోయినప్పుడు తీయించిన తర్వాత ఆ చేతికి మళ్లీ గాజులు ఎక్కలేదు.

కిందికి దిగాక బస్టాండు వైపు కాకుండా బజారు వైపు తిరిగింది. ఎటు వెళ్తున్నావని అడిగితే వెనక్కి చూడకుండా చెప్పింది.

"గాజులేసుకున్నామె గెలిచింది. ఏసుకోనామె ఓడింది. ఇగ నాకేం పరేషాన్? ఎవలన్న అడిగితే ఆట కోసమని చెప్త."

ఆకుపచ్చవే కొనుక్కుంది. దుకాణం ఆమె ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే మా ఆయన రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. నవీన్ దగ్గర కెమెరా రికార్డు చూశాను. ఆ కెమెరా మెట్ల గుమ్మాన్ని, కౌంటర్‌ను మాత్రమే చూపిస్తుంది. మేం ముగ్గురం రావడం ఉంది. వదిన, లక్ష్మమ్మ రావడం ఉంది. వంకాయరంగు చీర కట్టుకున్నామె రావడమూ లేదు, పోవడమూ లేదు. జనంలో ఎవరో సరదాకి కూర్చున్నారేమో అనుకున్నాను. అలాగైతే మా వదిన ముఖం, గొంతు, నా పేరు ఆమెకు ఎలా వచ్చాయి? ముగ్గురికీ ఒకేసారి భ్రమ కలిగిందనుకుంటే నవీన్, తాతగారు, ఆ హాలంతా ఏమైనట్టు? లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి జవాబు వచ్చేదాకా వదలకూడదని మొండికేశాను. రాలేదు. ఇప్పటికీ రాలేదు.

కప్పు మా ఇంట్లోనే ఉంది. తాను గెలవలేదు కాబట్టి తీసుకోనని వదిన అంటుంది. సాయంత్రాలు మళ్లీ నలుగురం ఆడుతున్నాం. మైకులో ఆమె గాజుల చప్పుడుకు శత్రువు అడుగులు వినబడక మేం చస్తున్నాం. తియ్యమంటే వినదు.

ఆట మొదలయ్యే ముందు మాత్రం రోజూ ఒకటే అడుగుతుంది.

"సుజాతా, మళ్ల ఆమె గిట్ల వచ్చిందా?"

"రాలేదు వదినా."

"వస్తే కూసోపెట్టు. పోనియ్యకు. ఆమెతోని నాకొక ఆట ఉన్నది."