చికాగోకు దారి చెప్పిన మా పైడమ్మ

మా చెల్లెలు పైడమ్మ ఇక లేదు. సుంగై పెటానిలో ఆమె వీధి మొదట రొట్టి చనాయ్ అనే పొరల రొట్టెలు కాల్చి అమ్మే కొట్టాయన పొద్దున్నే ఫోన్ చేసి ఈ కబురు చెప్పినప్పుడు, నేను సుంగై సుమున్‌లో మా పెరటి అరటి మొక్కలకు బియ్యం కడిగిన నీళ్లు పోస్తున్నాను. చెంబు చేతిలోనే ఉండిపోయింది. నీళ్లు నా పాదాల మీద పడుతున్నా తెలియలేదు. పెద్దదాన్ని నన్ను ఉంచి చిన్నదాన్ని ఎందుకు పిలుచుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. కారులో సుంగై పెటాని వెళుతుంటే దారి పొడుగునా పామాయిల్ తోటలు నీళ్ల అడుగున ఉన్నట్టు మెల్లగా ఊగుతూ కనిపించాయి.

నేను చదివింది తోటబడిలో కొద్ది తరగతులే. పెద్ద మాటలు నాకు అబ్బలేదు. అయినా ఆమెను పుట్టిన నాటి నుంచి ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను కనుక ఈ నాలుగు మాటలూ నేనే రాయాలి.

మా పెద్దలు సముద్రం దాటి కూలికి వచ్చిన ఈ దేశంలో, బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటలో, కూలీల లైను ఇళ్లలో పుట్టాం. నేను కాయలు ఒలిచే పనికి వెళ్లాను. ఆమె బడికి వెళ్లింది. ఉపకార వేతనం మీద అమెరికాలోని చికాగో మహానగరం దాకా వెళ్లి చదివి, తిరిగి వచ్చి సుంగై పెటానిలో పిల్లలకు సైన్సు చెప్పింది. ఉద్యోగ విరమణ తరువాత ఆమె వరండాయే ఒక పాఠశాల అయింది. అమెరికాకు చదువుకు వెళ్లే మన పిల్లలు, ఏ ఊరు వెళ్లినా సరే, ముందు అక్కడ కూర్చుని వెళ్లేవారు. కొత్త నగరంలో ఎలా బతకాలో ఆమె చెప్పేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. వట్టి చేతులతో వచ్చినవాళ్లను మాత్రం, అక్కడికి వెళ్లి ఉన్న రోజుల్లో, నేను గుర్తు పెట్టుకునేదాన్ని.

ఆమె పాఠం నూనె సీసాతో మొదలయ్యేది. ప్రయాణానికి ముందు మా అమ్మ తోట కొబ్బరి నూనెను సన్నమూతి సీసాలో పోసి ఇచ్చింది. కొబ్బరి నూనె గడ్డకట్టడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. చికాగోలో మొదటి ఉదయానికి సీసా నిండా తెల్లరాయి. "నూనె సచ్చిపోనాదనుకున్నానప్పా. సీసా ఒళ్లో ఎట్టుకుని ఏడిసినాను. ఆ ఏడుపు వేడికైనా కరగలేదు," అని నాతో చెప్పి నవ్వేది. మా యాసలో అప్ప అంటే అక్క. ఆ తరువాత పిల్లలతో చెప్పేది: "వెడల్పు మూతి డబ్బాలో తీసికెళ్లండి. గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టండి. అక్కడ మీ మనసూ ఇలాగే గట్టిపడతాది. పాడైపోనాదని బెంగెట్టుకోవద్దు. ఎచ్చబెట్టుకోవాలి, అంతే."

నా కూతురి కూతురు భవానికి ఆ చికాగోలోనే సీటు వచ్చింది. నాకు ఇష్టం లేకపోయింది. ఆ పిల్ల ఒక్కర్తీ బస్సెక్కి ఇపో పట్నం దాటి ఎరగదు. పాఠాల కోసం ఆ పిల్లతో పాటు కొన్నాళ్లు పైడమ్మ ఇంట్లో ఉన్నప్పుడు, ఆ వరండాలోనే నా మాట చెప్పేశాను.

"ఇక్కడ యూనివర్సిటీలు మూసేసినారేటి?"

"నువ్వు పిల్లని కాదప్పా, ఖర్చుని సూస్తున్నావు లా," అంది పైడమ్మ. మాట చివర ఆ 'లా' ఇక్కడివాళ్ల అలవాటు.

"రెండూ సూస్తున్నాను. నీ కళ్లకి ఒకటే కనబడతాది."

"మా అప్ప సంగతి నీకు తెలీదే భవానీ. సీర సిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ సిరిగితే దీపం ఒత్తి. నిన్నూ అలాగే దాసుకుందామని సూస్తాది."

భవాని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "దానికి జొరమొస్తే ఎవరు సూస్తారే?" అని అడిగాను. "అదే ఆకరి పాఠం. ముందు మిగతావి అవనీ," అంది పైడమ్మ.

మర్నాడు మమ్మల్ని చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే ఆమె అక్కడివాళ్లకు అలవాటే. దిమ్మలు నిలవ చేసే గది తలుపు తీసిచ్చారు. ఇద్దరూ లోపలికి వెళ్లారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. తెల్లటి పొగ నేలంతా పాకుతోంది. ఆ పొగలో మా చెల్లీ మనవరాలూ మోకాళ్ల దాకా మునిగి, ఇంకేదో లోకంలో నడుస్తున్నట్టు కనిపించారు.

"ఎలాగుంది?"

"సెజుక్ లా, చిన్నమ్మమ్మా," అంది భవాని, పళ్లు టకటక కొట్టుకుంటూ.

"ఇది సలి కాదు, సలికి సిన్న కూతురు. ముందు సెవులు కప్పుకో. ఒక్క లావు కోటునే నమ్ముకోకు. పల్చటివి ఒకదాని మీదొకటి తొడుక్కో. తడిజుట్టుతో గుమ్మం దాటకు. కోటు ఇక్కడ కొనకు. అక్కడ వాడిన బట్టలమ్మే కొట్లలో మంచివి దొరుకుతాయి."

ఈ ఆఖరి మాటతో చికాగో మీద నాకు మొదటిసారి కాస్త గౌరవం కలిగింది.

నడక పాఠం మరొకటి. "దిగిన రోజున పెట్టె గదిలో పడేసి, ఎలుతురుండగానే ఇంటి సుట్టూ ఒక్క సుట్టు తిరిగిరా. తిండి ఎక్కడ, మందులు ఎక్కడ, బస్సు ఎక్కడ ఆగుద్ది, సూసుకో. మర్నాడు ఇంకొక్క వీధి. వేడి గంజి అంచు నుంచి తాగుతాం సూడు, అలాగ. ఫోను సెప్పిన దారి ఫోనుకే తెలుస్తాది, నీ కాళ్లకి తెలీదు," అనేది. ఫోను చూస్తూ నడిచే పిల్లల్ని చెడామడా తిట్టేది. ఆమెకు కోపం ఎక్కువ. వంట రాదు. ఆ రెండూ కూడా రాయకపోతే అది పైడమ్మ కాదు.

సాయంత్రాలు ఆమె చెబుతుంటే ఆ నగరం వరండా అంచుదాకా వచ్చేది. ఇళ్ల పైకప్పుల ఎత్తున రైళ్లు పోతాయట. అవతలి ఒడ్డు కనిపించని చెరువు ఉందట. మొదటిసారి చూసి, మన బాగన్ దాతుక్ సముద్రమే వెనకాలే వచ్చిందనుకుని, దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుందట. ఉప్పు లేదు. చలికాలంలో అది గట్టిపడి మూలుగుతుందట. నేను ఆ ఒడ్డున కలలో చాలాసార్లు నడిచాను, రబ్బరు చెప్పులతోనే. ఎప్పుడూ చలి వెయ్యలేదు.

ఆఖరి పాఠం చెప్పిన రోజున వాన పడుతోంది. "నువ్వు ఒక్క రోజు కనిపించకపోతే, ఏదీ ఆ పిల్ల అని అడిగే మనిషిని సంపాదించుకో. మొదటివారంలోనే. రోజూ ఒకే ఏళకి ఒకే సోటికెళ్లు, పేరు సెప్పు, పేరడుగు," అంది భవానితో. చికాగోలో ఆమె ఆదివారం ఆదివారం యంత్రాల్లో బట్టలుతుక్కునే కొట్టుకు వెళ్లేది. పక్క బల్ల మీద ఒక నల్లజాతి ముసలావిడ కూర్చునేది. ఒక ఆదివారం పైడమ్మ జ్వరంతో వెళ్లలేదు. ఆ సాయంత్రమే ఆవిడ ఇల్లు కనుక్కుని, వేడి పులుసు గిన్నె పట్టుకుని తలుపు తట్టింది. "నీ జొరం పెశ్నకి ఇదే జవాబప్పా," అంది నా వైపు తిరిగి. నాకు ఆ జవాబు చాలలేదు. అయినా టికెట్టుకు అడ్డం చెప్పలేదు.

భవాని ప్రయాణం దగ్గర పడిందనగా పైడమ్మ పోయింది. కర్మలు అయిన మర్నాడు భవాని పెట్టె తెరిచి బట్టలన్నీ బీరువాలో సర్దేసింది.

"పోను లా, అమ్మమ్మా. చిన్నమ్మమ్మ ఫోన్లో ఉంటాదనే కదా ఒప్పుకున్నాను. అక్కడ నాకు ఏటైనా అయితే?"

నేను కోరుకున్న మాటే అది. అయినా చెవిన పడగానే సంతోషం కలగలేదు. కొట్టాయనకు ధన్యవాదాలు చెప్పి రావాలని ఆ పిల్లను వెంటబెట్టుకుని సుంగై పెటాని వెళ్లాను.

ఆయన తమిళంలో చెప్పాడు. పైడమ్మను ఆయన 'చిక్గు' అనేవాడు. ఇక్కడ టీచరును అందరూ అలాగే పిలుస్తారు. "చిక్గు రోజూ నేను కొట్టు తలుపు ఎత్తేసరికే వస్తారు. ఆ రోజు టీ పోసి పెట్టాను. ఆవిరి పోయింది. చిక్గు రాలేదు. పొయ్యి తగ్గించి వెళ్లాను. వరండా కుర్చీలో ఒరిగి ఉన్నారు. ఊపిరి లేదు, చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. అంబులెన్సు వచ్చేదాకా ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మీ నంబరు ఆవిడే ఎప్పుడో నా ఫోన్లో ఎక్కించారు."

భవాని ఆయన చేతులనే చూస్తూ నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో తైపింగ్ కొండలు మబ్బులో సగం మునిగి ఉన్నాయి. "అమ్మమ్మా, పెట్టె మళ్లీ సర్దాలి," అంది చివరికి. ఆ సాయంత్రం బట్టలు నేనే మడత పెట్టాను. నాలాగా ఎవరికీ రాదు.

నిన్న భవాని చికాగో నుంచి ఫోన్ చేసింది. మాట గుసగుసగా ఉంది. "బయట మంచు పడతాంది అమ్మమ్మా. లోకమంతా తెల్లగా అయిపోనాది. సప్పుడే లేదు. మనింట్లో వాన పడితే రేకుల మీద ఎంత సప్పుడు. చిన్నమ్మమ్మ అన్నీ సెప్పినాది, ఇది సెప్పలేదేటి?" ఇంకేమైనా అడిగేలోగా, కింద ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారని, మంచులోకి వెళ్లాలని ఫోన్ పెట్టేసింది.

మంచు చప్పుడు లేకుండా పడుతుందని పైడమ్మకు తెలియకపోదు. మరచిపోయిందా, ఎవరికి వారు వినాలని కావాలనే మిగిల్చిందా? ఇంతమంది పిల్లలకు దారి చెప్పిన మనిషిని ఈ ఒక్క మాట అడగడానికి నాకు దారి లేదు. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు దండం పెట్టకూడదంటారు. మా చెల్లెలికి నేను పెడుతున్నాను.