తెల్లగౌనుకు పెట్టిన పసుపు

2023 జూన్ నెల. దేశం కాని దేశంలో, యీషున్ అనే పేటలో ఒక ఫ్లాట్ల బ్లాకు కింద, రెండు మిషన్లూ ఒక నిలువుటద్దం పట్టేంత జాగాలో నా టైలరింగ్ షాపు. భీమవరంలో నేర్చుకున్న పని ఇక్కడ పద్దెనిమిదేళ్ళుగా అన్నం పెడుతోంది. మధ్యాహ్నం వాన పట్టిందంటే ఎవరూ రారు. మిషను చప్పుడూ వాన చప్పుడూ ఒకటైపోతాయి. కుడుతున్న బట్ట ఎవరి ఒంటి మీద ఏయే ఊళ్ళు తిరుగుతుందో ఊహించుకుంటూ కూర్చుంటాను. మా ఆయన దీన్ని పగటికలల జబ్బు అంటాడు. దీనికి మందు వాడే ఉద్దేశం నాకు లేదు.

అలాంటి మధ్యాహ్నమే పద్మజ కూతురు నిహారికను వెంటబెట్టుకొని వచ్చింది. పద్మజది కరీంనగర్. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో కంప్యూటర్ల పని. గొడుగు మడవకుండానే ఫోను నా చేతిలో పెట్టింది.

"అక్కా, ఆరు గౌన్లు కుట్టాలె. ఆరూ ఆరు తీర్ల ఉండాలె."

"పెళ్ళేమైనా ఉందా?"

"దీని ముందర పెళ్ళెంత అక్కా!"

నిహారికకు అమెరికాలో కాలేజీ సీటు వచ్చింది. అక్కడ సొరోరిటీ అని ఆడపిల్లల సంఘాలుంటాయట. ఒక్కో సంఘానికి సొంత ఇల్లు, చేరినవాళ్ళంతా ఒకరికొకరు అక్కచెల్లెళ్ళు. చేరాలనుకునేవాళ్ళు కాలేజీ తెరవగానే వారం రోజులు ఇంటింటికీ వెళ్ళి మాట్లాడి రావాలి. దాన్ని రష్ అంటారు. రోజుకో రకం బట్టలు, చివరి రోజు తెల్లగౌను. నచ్చినవాళ్ళను రమ్మంటారు, మిగతావాళ్ళు బయటే. ఎలా నవ్వాలో, ఏం మాట్లాడాలో నేర్పి డబ్బు పుచ్చుకునే కోచ్‌లు కూడా ఉన్నారు. చేరాక చందాలు వేరు. ముందు ఏడాది వెళ్ళిన అమ్మాయి చెప్పిన ఖర్చుకీ ఇప్పటి ఖర్చుకీ పొంతనే లేదంది పద్మజ. కాలేజీ ఫీజుకే ఉన్నదంతా ఊడ్చి కట్టారు. ఈ ఖర్చు కోసం ఆవిడ శనివారాలు పిల్లలకు లెక్కల ట్యూషన్ మొదలుపెట్టింది. షాపుల్లో గౌన్ల ధరలు చూసి కళ్ళు తిరిగి నా దగ్గరకొచ్చింది.

"అక్కచెల్లెళ్ళు కావడానికి కూడా టికెట్టా తల్లీ?" అన్నాను టేపు మెడలో వేసుకుంటూ.

నిహారిక నవ్వలేదు. మాట చివర ఇక్కడివాళ్ళలాగే ఊరికే ఒక 'లా' తగిలించి అంది: "ఆంటీ, అక్కడ నాకెవ్వరూ తెల్వదు. ఫ్రెండ్స్ అట్లనే దొరుకుతరు లా."

ఆ నెలంతా నేను ఊహల్లో ఆ కాలేజీ ఊళ్ళోనే ఉన్నాను. తెల్ల స్తంభాల ఇల్లు, మెట్ల మీద వరసగా ఆడపిల్లలు, వాళ్ళ మధ్యలో నేను కుట్టిన గౌన్లు. నీలంది నడుస్తోంది, గులాబీది పరిగెడుతోంది. ఒకసారి ఈ పరధ్యానంలో ఎవరిదో జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవే కుట్టి, మళ్ళీ విప్పాను.

తెల్లగౌను ట్రయల్ రోజు, అంటే ఆఖరి కుట్టు వేయకముందు తొడిగి చూసే రోజు, నిహారిక తెర వెనక ఉండగా పద్మజ నెమ్మదిగా మాట్లాడింది.

"నేను ఇంజినీరింగ్‌ల చేరినప్పుడు నాకు రెండే జతల బట్టలు అక్కా. హాస్టల్ల పిల్లలంతా ఒక రూముల కూడి నవ్వుకునేటోళ్ళు. నేను తలుపు కాడ నిలబడేదాన్ని. రా అని ఒక్కతి అనలే. నాలుగేండ్లు. నా బిడ్డకు అట్ల కావద్దు."

తెర పక్కకు జరిగింది. ఆ పిల్ల అద్దం ముందు మెల్లగా తిరుగుతుంటే వానవెలుగులో గౌను తేలుతున్నట్టే ఉంది. పద్మజ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

ఆ సాయంత్రం హెమ్ కుట్టాను. హెమ్ అంటే గౌను అంచును లోపలికి మడిచి కుట్టే పట్టీ. పెట్టెలో పెట్టేముందు ఆ మడతకు చిటికెడు తడి పసుపు అద్దాను. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఇవ్వడం నా చేతులకు తెలియదు. అలవాటులో పొరపాటు. తెలుపు మీద పెడుతున్నానన్న ధ్యాసే లేదు.

ఆగస్టు ఆఖర్లో పద్మజ ఒక్కతే వచ్చింది.

"పిలువలేదంటక్కా," అని ఫోటో చూపించింది. ఆఖరి రోజు వాన పడిందట. తెల్లగౌను అంచున అరచేతి మేర పచ్చటి మరక.

ఫోను కళ్ళ దగ్గరకు తెచ్చుకున్నాను. "ఆ పసుపు నేను పెట్టిందే పద్మజా."

"మంచికే పెట్టినవ్ గద అక్కా," అంది, నా మొహం చూడకుండా. కుట్టుకూలి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ తరువాత మూడు నెలలు షాపు వైపు రాలేదు. ఎవరి పెళ్ళిబట్టలు కుడుతున్నా ఆ మరకే కళ్ళముందు. పసుపు డబ్బా తీసి సొరుగులో పడేశాను.

డిసెంబరు సెలవులకు నిహారిక వచ్చింది. జీన్సు పొడుగు తగ్గించాలని షాపుకొచ్చింది. ట్యూషన్ ముగించుకొని అమ్మ కూడా ఇక్కడికే వస్తుందంది. నేను ఆగలేక క్షమించమన్నాను.

"అయ్యో ఆంటీ! అది మా ఆంటీ బ్లెస్సింగ్ అని చెప్తే వాళ్ళకు నచ్చింది లా. రమ్మని లెటర్ ఇచ్చిన్రు."

కత్తెర పక్కన పెట్టాను. "మరి పిలవలేదన్నావ్?"

"లెటర్‌తోని చందాల పేపర్ ఇచ్చిన్రు. అంతకుముందు చెప్పిన దానికన్న పెరిగింది. ఇంటికి వేరే, టీషర్టులకు వేరే, ఫోటోలకు వేరే. అమ్మ ఆదివారం కూడా ట్యూషన్ పెట్టుకుంటది. అందుకే నేనే నో చెప్పిన. నేను వద్దన్న అంటే అమ్మ ఎట్లన్న తెచ్చి కడ్తది గద, అందుకే పిలువలేదని చెప్పిన."

"మరి స్నేహితులు?"

"ఇద్దరు దొరికిన్రు. లాండ్రీ రూంల. నువ్వు అమ్మకు చెప్పకు ఆంటీ, ప్లీజ్."

ఆ పిల్లను దగ్గరకు తీసుకోవాలనిపించింది, ఒక్కటి వేయాలనిపించింది కూడా. అమ్మకు డబ్బు మిగిల్చింది. దానికి బదులు మూడు నెలల ఏడుపు ఇచ్చింది.

"మీ అమ్మ డబ్బు లేకపోతే ఓర్చుకుంటుందే. నిన్నెవరో వద్దన్నారంటే ఓర్చుకోలేదు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

పద్మజ వచ్చింది. సంచీలో లెక్కల పుస్తకాలు, మొహం నిండా అలసట. నిహారిక తల వంచుకొని మొత్తం చెప్పేసింది. పద్మజ స్టూలు మీద కూర్చుండిపోయింది. అబద్ధమాడినందుకు తిడుతుందనుకున్నాను. ఎంత కట్టాలని అడుగుతుందనుకున్నాను.

"రమ్మన్నరా?" అంది.

"ఆఁ అమ్మా."

"నిన్ను? పేరు పెట్టి?"

"లెటర్ మీద నా పేరే ఉంది."

"మళ్ళొకసారి చెప్పు."

నిహారిక మళ్ళీ చెప్పింది. పద్మజ నవ్వుతోంది, ఏడుస్తోంది, కొంగు లేక చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటోంది. చందాల సంగతి ఎత్తనే లేదు.

ఇన్నేళ్ళ పనిలో నేను కొలతలు ఎప్పుడూ అమ్మాయివే తీసుకున్నాను, వెంట వచ్చిన తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టి మరిచిపోయాను. ఇప్పుడు ఎవరైనా పెద్ద జాబితాతో వస్తే టేపు తీసేముందు తల్లి పక్కన కాసేపు కూర్చుంటాను. ఆ రోజు నేను జీన్సు మడిచి పక్కన పెట్టాను. పద్మజ మూడోసారి చెప్పించుకుంటోంది.