నాలుగు నిమిషాల అనుమానం

సుగేతాని ఊళ్లో పొద్దున ఆరింటికి మోగవలసిన గుడి గంట ఆరూ నాలుగుకు మోగుతోందని మూడు వారాలుగా గడియారం చూడగలిగే వాళ్లందరికీ తెలుసు. తెలియనిది ఆ గంట కొట్టే చిసాయె ఒక్కదానికే. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి మనసు కష్టపెట్టడం ఎవరికీ ఇష్టంలేకపోయింది. కూరగాయల బండి దగ్గర ఒకావిడ, "ఈమధ్య గంట ఎంత నింపాదిగా వినిపిస్తోందో!" అంది. ఇంకొకావిడ, "మెట్ల మీద మంచు పడుతోందక్కా, తొందరేం లేదు, నిదానంగా ఎక్కండి" అంది. రెండూ అభిమానపు మాటలే అనుకుని చిసాయె ముల్లంగి దుంప కొనుక్కుని ఇంటికొచ్చింది.

ఇరవై ఒకటో ఏట ఆ కొండల మధ్యకు కోడలిగా వచ్చింది. అక్కడి బుద్ధుడి గుడికి స్థిరంగా ఉండే పూజారి లేడు. కొండ అవతలి గురువుగారు నెలకోసారి వచ్చి సూత్రాలు చదివి వెళతారు. గంట కొట్టే పని మొదట ఆమె భర్తది. ఆయన పోయాక పదకొండేళ్లుగా ఆమెది. జ్వరమొచ్చినా, మోకాటిలోతు మంచు పడినా మానలేదు. చేతి గడియారం కడితే ఒళ్లు దద్దుర్లెక్కుతుంది కనుక, వంటగది గోడ మీది రేడియో గడియారం ఆరుకు పది నిమిషాలు తక్కువ చూపగానే బయలుదేరుతుంది. నలభై మూడు మెట్లు ఎక్కి, ఊపిరి తీసుకుని, చేతులు జోడించి 'నము అమిద బుత్సు' అని బుద్ధుడికి మొక్కుకునేసరికి సరిగ్గా ఆరవుతుంది. గాలిలో వచ్చే సంకేతాన్ని రోజూ అందుకుని ఆ గడియారం తనను తానే దిద్దుకుంటుంది. మనిషి మాట మీద అనుమానం రావచ్చు గానీ అలాంటి గడియారం మీద ఆ ఊళ్లో ఎవరికీ రాదు.

కింది వీధి తొమియెకు చూపు సరిగా ఆనదు. ఆమెకు గంటే గడియారం. ఆ మంగళవారం గంట విని బయలుదేరితే, ఆరుంబావు బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. కంటి ఆస్పత్రిలో ఆపరేషన్ ముందు చేయవలసిన పరీక్ష తప్పిపోయింది. మళ్లీ నెల తర్వాతే. సాయంత్రం ఆమే ఊరగాయ గిన్నె పట్టుకుని, తప్పు తనదన్నట్టు వచ్చింది.

"నా నడకే మందగించిందక్కా."

"గంట విన్న వెంటనే బయలుదేరావా?"

"అప్పటికే చెప్పులు వేసుకుని గడప దగ్గర కూర్చుని ఉన్నాను. పోనీలెండి, డ్రైవరే తొందరపడ్డాడేమో."

ఆమె వెళ్లగానే చిసాయె రేడియో పెట్టింది. ఏడు గంటల వార్తల ముందు 'పిప్, పిప్' మని కాలసూచన మోగింది. తల ఎత్తి చూస్తే గోడ మీద ఏడుకు ఇంకా నాలుగు నిమిషాలుంది. తొమియె బస్సు తప్పింది తన గంట వల్లే!

మర్నాడు గుడి సంఘం పెద్ద కుమెజో వచ్చాడు. ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి.

"ఆదివారం సమావేశమక్కా. గంటకు మిషను పెట్టిద్దామని అనుకుంటున్నాం. తనంతట తనే కొట్టుకుంటుంది. మీరు దుప్పటి కింద వెచ్చగా వినొచ్చు."

"నాకు దుప్పట్లో పడుకోవాలనుందని నీతో ఎవరన్నారు?"

కుమెజో ఒక్క క్షణం గోడ గడియారం వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు చిసాయెకు ముల్లులా గుచ్చుకుంది.

గడియారంతో వచ్చిన చిన్న పుస్తకం భూతద్దం పెట్టి చదివింది. గడియారాన్ని కిటికీ దగ్గరికి మార్చింది, సంకేతానికి అడ్డేమోనని పక్కనున్న రైస్ కుక్కర్ తీసేసింది, సంకేతం అందుకునే బొత్తాం నొక్కింది. పొద్దున్నే చూస్తే సంకేతం అందిందని పచ్చదీపం వెలుగుతోంది. టైము మాత్రం అవే నాలుగు నిమిషాలు వెనక. అంటే ఆకాశం సరిగ్గానే చెబుతోంది, ఎవరో మార్చేస్తున్నారు!

గడియారం పైఅంచు వేలితో తడిమింది. దుమ్ము లేదు. తను తుడిచి ఏడాది అయింది. పోయిన నెల చెల్లెలి సంవత్సరీకానికి మత్సుయె పట్నం వెళ్లి నాలుగు రోజులు ఇంట్లో లేదు. ఆ ఊళ్లో ఎవరూ తలుపుకు తాళం వేయరు.

ఆ రోజు తాళం వేసింది, జీవితంలో మొదటిసారి. గడియారం వెనక మూతకు అన్నం మెతుకులతో కాగితం ముక్క అంటించింది. తలుపు తీయబోయి రాక ఎవరో గడప మీద ఎండు పెర్సిమన్ పళ్లు పెట్టి వెళితే, ఇవెవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని తిప్పి తిప్పి చూసింది. తరువాత సిగ్గుపడి బుద్ధుడి ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. అనుమానం మాత్రం వదల్లేదు.

శనివారం చూస్తే కాగితం చెక్కుచెదరలేదు. నాలుగు నిమిషాలూ అలాగే ఉన్నాయి. ఇక ఉండబట్టలేక మూత తీసింది. లోపల నీలం బ్యాటరీ. ఆమె ఎప్పుడూ కొనేది ఎర్రది.

గడియారాన్ని, దాని పుస్తకాన్ని చంకలో పెట్టుకుని నేరుగా కుమెజో ఇంటికి వెళ్లింది.

"ఈ బ్యాటరీ ఎవరిది?"

కుమెజో చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నాదేనక్కా. మీరు ఊళ్లో లేనప్పుడు క్యాబేజీ పెట్టిపోదామని వస్తే గడియారం ఆగిపోయి ఉంది. మీరొచ్చి గంట తప్పుతారేమోనని మార్చాను."

"ఒక్క మాట చెబితే నోరరిగిపోతుందా?"

"చెబితే మీరు ఊరుకుంటారా? పోయిన చలికాలం మీ ఇంటి కప్పు మీది మంచు దింపితే ప్లమ్ పళ్ల సారా తెచ్చారు. దానికి మా ఆవిడ చేపలు పంపింది. చేపలకు మీరు మోచీ బియ్యపు ఉండలు పంపారు. మోచీకి మేం తేయాకు! ఏప్రిల్ దాకా తెమల్లేదు. అందుకే చప్పుడు చేయలేదు."

లోపలినుంచి ఆయన భార్య, "తేయాకుకు మళ్లీ తువ్వాళ్లొచ్చాయి!" అని కేక వేసింది.

చిసాయె నవ్వు ఆపుకుని పుస్తకం తెరిచింది. "బ్యాటరీ వేశాక, ఇదిగో, ముళ్లను పన్నెండుకు తెచ్చే ఈ బొత్తాం నొక్కావా?"

"లేదే. నా చేతి గడియారం చూసి ముళ్లు తిప్పి పెట్టాను. మిగతాది అదే దిద్దుకుంటుంది కదా అని..."

ఇద్దరూ కలిసి నొక్కారు. ముళ్లు గిరగిరా తిరిగి పన్నెండు మీద ఆగాలి. పదకొండూ యాభై ఆరు మీద ఆగాయి.

"పాపం, ఇదే పన్నెండనుకుంటోంది!" అన్నాడు కుమెజో.

పుస్తకంలో ఉన్నట్టే ముళ్లను ఒక్కో నిమిషం జరిపి పన్నెండు మీదికి తెచ్చారు.

"గడియారం తప్పు చెబుతుందని మాకు తోచలేదక్కా. మీ కాళ్లే అలసిపోయాయనుకున్నాం."

"అడగొచ్చుగా."

"ఎలా అడగను?"

"నేనూ అడగలేదులే. నువ్వు నా ఇంట్లో దూరి టైము దొంగిలిస్తున్నావనుకుని తాళం వేశాను. క్షమించు."

ఆదివారం సమావేశంలో కుమెజో లేచి, తప్పు తనదని అందరి ముందూ చెప్పాడు. ఆస్పత్రికి ఫోన్ చేసి వేడుకుని తొమియె పరీక్ష గురువారానికి మార్పించానని, తన కారులోనే తీసుకెళతానని కూడా అన్నాడు. మిషను మాట ఇంకెవరూ ఎత్తలేదు. చిసాయె మాత్రం లేచి ఒక షరతు పెట్టింది. ఇకనుంచి గంట తేడాగా మోగితే, నింపాదిగా ఉంది, శ్రావ్యంగా ఉంది అనకుండా, మొహం మీదే చెప్పాలని. అందరూ తలలు వంచి ఒప్పుకున్నారు.

సోమవారం గంట కొట్టి దిగుతుంటే కింది మలుపు దగ్గర కుమెజో భార్య చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా! ఈరోజు అర నిమిషం ముందే కొట్టారు!"

చిసాయె మెట్టు మీదే ఆగి, నడుం మీద చేయి పెట్టుకుంది.

"మీ ఇంటి గడియారానికి బ్యాటరీ ఎవరు వేశారమ్మా?"