అక్కని తిట్టని రోజు

మా అక్కకి షుగరు. ఆ సంగతి ఆమెకంటే నాకే ఎక్కువ గుర్తుండేది. దుగ్గిరాలలో ఆమె ఇంటికి రెండు వీధుల అవతల మా ఇల్లు. పొద్దున్నే వెళ్ళి ఆమె చేతిలో కాఫీ గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగి చూసేదాన్ని. పంచదార తగిలిందా, ఇక ఇరుగూ పొరుగూ వినాల్సిందే. "నువ్వు నాకు చెల్లెలివి కాదే, అత్తగారివి" అనేది అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. కాబట్టి నా నోటిని పెంచింది కూడా ఆమే.

మొన్న చలికాలంలో కడుపునొప్పి అంటే పరీక్షలు చేయించాం. డాక్టరు నన్నూ, అక్క కొడుకునీ మాత్రమే లోపలికి పిలిచారు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టండి అన్నారు. బయటికొచ్చి అక్కతో గ్యాస్ట్రిక్ అని చెప్పాం. మా వైపు ఇళ్ళల్లో అంతే, అలాంటి జబ్బు పేరు ఆ మనిషి ఎదుట పలకరు. "పిన్నీ, నీ మొహం జాగ్రత్త" అన్నాడు వాడు.

ఏదైనా చూడాలనుందా అని అక్కని అడిగాను. తెనాలి అంది.

"అస్తమానం వెళ్ళే తెనాలేగా?"

"వెళ్తే? బట్టల కొట్టూ, ఆస్పత్రీ, స్టేషనూ తప్ప ఊరెప్పుడు చూశానే?"

ఆపైన రేపల్లె దిగువన మడ అడవి కూడా చూడాలంది. ఉప్పెనప్పుడు ఆ అడవి అడ్డం పడబట్టే అమ్మమ్మ వాళ్ళ ఊరు మిగిలిందని అమ్మ చెప్పేదట. నాకు ఆ మాటా గుర్తులేదు, అమ్మా గుర్తులేదు.

కారు మాట్లాడుకుని ఇద్దరమే బయల్దేరాం. తెనాలిలో కాలవల వంతెనలన్నీ తిప్పాను. శిల్పుల షెడ్డు ముందు తల పెట్టని విగ్రహం చూసి, "అచ్చం మీ బావే" అని అక్క పడీ పడీ నవ్వింది. పోయిన మొగుణ్ణి కూడా వదల్లేదు.

జిలేబీ కొట్టు దగ్గర కారు ఆపించాను. వేడి వేడి బెల్లం జిలేబీ తెచ్చి అక్క చేతిలో పెట్టి, తినమన్నాను. అక్క జిలేబీ వంకా, నా వంకా చూసింది. తర్వాత నిదానంగా మొత్తం తినేసింది. ఇంకోటి కావాలా అని కూడా అడిగాను, బుద్ధి లేకపోతే సరి.

పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్ళాం. గుడిలో దణ్ణం పెట్టుకుని సూర్యలంక సముద్రం దగ్గరికి పోయాం. చెప్పులు విప్పి ఎండలో ఇసుక మీద నడిచింది, నేనేమీ అనలేదు. కూల్‌డ్రింకు కావాలంది, కొనిచ్చాను. రెండు గుక్కలు తాగి సీసా నాకే ఇచ్చేసింది. అప్పట్నించీ మాటలు తగ్గించింది. అలిసిపోయిందనుకున్నాను.

మధ్యాహ్నం నిజాంపట్నం దగ్గర పడవ ఎక్కాం. పోనుపోను రెండు పక్కలా చెట్లు దగ్గరికొచ్చాయి. బురదలోంచి వేళ్ళు నారుమడిలా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఇది ఎప్పటి అడవి బాబాయ్?" అని అక్క పడవ నడిపే పెద్దాయన్ని అడిగింది.

"మా తాతల తాతలకే తెలీదండమ్మా" అని ఆయన ఇంజను ఆపాడు.

అక్క చెయ్యి చాపి ఒక ఆకు తుంపి నాలిక్కి తగిలించుకుంది. "ఉప్పగా ఉందే" అంది. తర్వాత నా వంక చూడకుండా అడిగింది.

"ఎన్నాళ్ళన్నాడే?"

"ఏంటి?"

"డాక్టరు. ఎన్నాళ్ళన్నాడు?"

"నీకెవరు చెప్పారు?"

"నువ్వే. జిలేబీ కొనిచ్చావుగా."

పెద్దాయన ఉన్నాడని కూడా చూడకుండా అక్క ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఎన్నాళ్ళో చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

"నాకు తెలుసని మావాడితో అనకు, బెంగపడతాడు" అంది నా జుట్టు సర్దుతూ. "నువ్వు మాత్రం ఇలా మెత్తబడకే. పొద్దుట్నించీ అన్నిటికీ సరే సరే అంటుంటే భయమేస్తోంది. నన్ను తిట్టవే."

తిరిగొస్తూ రేపల్లెలో టీకి ఆగాం. అక్క నన్ను ఓరగా చూస్తూ, "నాకు పంచదార ఎక్కువ వెయ్యి నాయనా" అంది. అరిచాను.

"వెయ్యకయ్యా! షుగరు మనిషి. ఇంత వయసొచ్చింది, బుద్ధుండక్కర్లా?"

టీ కొట్టతను బెదిరిపోయాడు. అక్క మాత్రం హాయిగా నవ్వి, ఆ చప్పటి టీ చివరిదాకా తాగింది.

ఉగాది వెళ్ళిన తర్వాత అక్క పోయింది. మంచాన పడ్డాక కూడా ఏదో ఒక వంక పెట్టుకుని రోజూ తిట్టాను. తిట్టి పెరట్లోకి పోయి ఏడ్చేదాన్ని. నేను వెళ్ళడం ఆలస్యమైతే, ఇవాళ అత్తగారు రాలేదేమని అడిగేదట.

పెద్దకర్మ రోజు అక్కకి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డిస్తున్నారు. అక్క కొడుకు తెనాలి నుంచి బెల్లం జిలేబీ తెప్పించి పెట్టబోయాడు.

"అమ్మకి షుగరురా, తియ్యవతల" అని కసిరాను.

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.